కొట్టం పిల్లులకు కొలువులు

మెదక్‌లో నన్ను కొంతకాలం పిల్లుల టీచరమ్మ అన్నారు. మొహం మీద అన్నవాళ్లు తక్కువ, వెనకాల అన్నవాళ్లే ఎక్కువ. అంగడిలో ఎండు చేపలమ్మే ఆవిడకు మాత్రం ఆ దాపరికం లేదు. నన్ను చూడగానే గంప అడుగున మిగిలిన పరక చేపలన్నీ ఊడ్చి పొట్లం కట్టి, ఇవి నీ సంతానానికి అనేది. పెళ్లయి చాలా ఏళ్లయినా నాకు అప్పటికి పిల్లలు లేరు. ఆ మాట ఇంకెవరన్నా అంటే ఆ రోజు వాళ్లకు నా చేతిలో మూడేది. ఆవిడ అంటే నవ్వొచ్చేది. తూకం వేయకుండా ఇచ్చేది మరి.

నిజం చెప్పాలంటే నాకు పిల్లులంటే పెద్ద ప్రేమేమీ లేదు. మా అమ్మవాళ్లింట్లో కుక్క ఉండేది, నా ఇష్టమంతా దాని మీదే. పిల్లుల పనిని నేను ప్రేమతో నెత్తికెత్తుకోలేదు, కోపంతో ఎత్తుకున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వయసొచ్చాక కాస్త కిందికి దిగిందంటారు గాని నేను నమ్మను.

మేము చర్చి కాంపౌండ్‌లో ఉండేవాళ్లం. మా ఆయన దవాఖానలో కంపౌండర్. నేను చిన్న పిల్లల బడిలో టీచర్ని. మా అత్తమ్మ మాతోనే ఉండేది. మా ఇంటి వెనక ఆడపిల్లల హాస్టల్ వంటిల్లు, దాని వెనక పాత బండ్ల కొట్టం. ఊళ్లలో వాక్యం చెప్పడానికి ఎడ్లబండ్ల మీద తిరిగిన కాలంలో కట్టినది. బస్సులొచ్చాక బండ్లు పోయాయి, కొట్టం మిగిలింది. కాలు విరిగిన బెంచీలు, చిల్లిపడ్డ బకెట్లు, చెదలు తిన్న బ్లాక్‌బోర్డులు అన్నీ అందులో పడేసేవాళ్లు. వాటి కింద పిల్లులు కాపురం పెట్టాయి.

హాస్టల్‌కు అప్పట్లో పెద్ద పెద్ద డ్రమ్ముల్లో పాలపొడి వచ్చేది. దాన్ని వేడి నీళ్లలో కలిపి పొద్దున్నే పిల్లలకు పోసేవాళ్లు. ఆ వాసనకే ఆడపిల్లల కడుపులో తిప్పేది. వంటావిడ చూడకుండా సగం గ్లాసు మోరీలో వంపేసేవాళ్లు. ఆ మోరీ నీళ్లు తాగి పిల్లులు బలిశాయి, పిల్లల్ని పెట్టాయి, ఆ పిల్లలూ పెద్దవై మళ్లీ పెట్టాయి. ఎవరి పిల్లులూ కావు. చెయ్యి చాపితే బెంచీ కిందికి మాయమయ్యేవి. తెల్లారేసరికి వంటింట్లో చేపల తట్ట ఖాళీగా ఉండేది.

ఒక ఎండాకాలం ఆ కొట్టం పడగొట్టి కొత్త స్టోర్ రూము కట్టాలని పెద్దమనుషులు నిర్ణయించారు. బడి వరండాలో కూర్చుని మాట్లాడుకున్నారు. టీచర్ల తరఫున నన్ను కూడా కూర్చోమన్నారు. సిమెంటు సంగతి అయింది, ఇటుకల సంగతి అయింది, పిల్లుల సంగతి వచ్చింది. పెంకులు దించే ముందు చేప తలకాయల్లో మందు కలిపి పెడితే సరిపోతుందని ఒకాయన అన్నాడు. అందరూ తలూపి మళ్లీ ఇటుకల దగ్గరికి వెళ్లిపోయారు. అంత తేలిగ్గా వెళ్లిపోవడం చూసి నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాను.

"గా కొట్టంల ఆడపిల్లలు ఆడుకుంటరు. మందు పిల్లులే తింటయి, పిల్లలు ముట్టరు అని ఎవలన్న రాసిస్తరా?" అన్నాను.

అయితే ఏం చేద్దాం నువ్వే చెప్పమన్నారు. జవాబు లేనప్పుడు ఊరుకోవడం నాకు చేతకాదు. పెంకులు దించేలోగా కొట్టం నేను ఖాళీ చేస్తాను, ఒక్క పిల్లి కూడా మిగలదు అనేశాను. వరండా అంతా నవ్వింది. సరే టీచర్, పెంకులు దించేనాటికి ఎన్ని మిగిలితే అన్నింటికీ మందే, ఆ తర్వాత మాత్రం నువ్వు అడ్డం రావద్దు అన్నాడు పెద్దాయన. ఒప్పుకున్నాను. ఇంటికి నడిచి వస్తుంటేగాని ఎంత నోరు జారానో తెలిసి రాలేదు.

అత్తమ్మతో చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నోరు నీది, చాకిరీ నాదా అంది. అన్నదే గాని చేట పక్కన పెట్టి ఆలోచనలో పడింది. ఆలోచించి ఆలోచించి, పిల్లిని ఉత్తపుణ్యానికి ఎవరూ సాకరు, పని ఉన్నచోట పెట్టాలి అంది. పని అంటే ఎలుకలు. గింజ ఉన్నచోటల్లా ఎలుక ఉంటుంది. మెదక్‌లో గింజకేం తక్కువ? ఘనపురం కాలువల కింద పండిన ఒడ్లన్నీ మా ఊరి మీదుగానే పోతాయి. ఆ రోజు సాయంత్రమే మేమిద్దరం బజారు పట్టాం. ఎవరింటి ముందు నిలబడినా అత్తమ్మ అడిగే మొదటి మాట ఒక్కటే, మీకు ఎలుకల బాధ ఉందా అని. లేదన్నవాళ్లు ఒక్కరూ లేరు.

పట్టడం సులువే అయింది. కోళ్ల గంపను బోర్లించి, ఒక అంచు కింద పుల్ల నిలబెట్టి, పుల్లకు తాడు కట్టి, లోపల ఎండు పరకలు వేసి, తాడు కొస పట్టుకుని మేము తలుపు చాటున కూర్చునేవాళ్లం. పిల్లి దూరగానే తాడు లాగడం. గంప కిందికి గోనెసంచి జరపడం అత్తమ్మ పని. నా చేతులు ఆ ఎండాకాలమంతా గీతలే. మా ఆయన రోజూ టించర్ రాస్తూ, మన ఇంట్లో ఒక పేషెంటు పెరిగిందని దవాఖానలో చెప్పుకునేవాడు.

పెట్టడంలోనే తప్పులో కాలేశాం. మొదటి పిల్లిని బజారులో ఒక కిరాణా సావుకారికి ఇచ్చాం. పసుపుపచ్చటి గండుపిల్లి. ఆయన ముచ్చటపడి సంచి తనే విప్పాడు. అది చింతపండు కుప్ప మీది నుంచి తక్కెడలోకి, తక్కెడలోంచి అటక మీదికి, అక్కడి నుంచి పెంకుల సందులో నుంచి బయటికి పోయింది. నేను ఊరంతా వెతికి మొహం వేలాడేసుకుని వస్తే, అది కొట్టం గోడ మీద కూర్చుని మూతి తుడుచుకుంటోంది.

"కొత్త కోడిని తెస్తే ఏం జేస్తమే? కాలికి తాడు గట్టి పొయ్యి కాడ కట్టేస్తం గదా," అంది అత్తమ్మ. "ఇల్లు గుర్తు పట్టేదాక ఎవలన్న ఇడుస్తరా?"

ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదంటే, నువ్వు అడగలేదంది. పిల్లికి తాడు కడితే మెడకు బిగించుకుంటుంది కాబట్టి గదిలో పెట్టి తలుపు మూయాలని అనుకున్నాం. అప్పటి నుంచి అదే మా పద్ధతి. ఎక్కడ పెట్టినా ఒక మూసిన గది ఉండాలి. పొద్దున, సాయంత్రం ఒకే సత్తు గిన్నె, ఒకే చెంచా. గిన్నె మీద చెంచాతో టంగుటంగున కొట్టి తిండి పెట్టాలి. మొదట నేను కొడతాను, తర్వాత ఆ ఇంటివాళ్లు కొట్టాలి. ఇంటివాళ్లు కొట్టిన చప్పుడుకు పిల్లి చాటు నుంచి బయటికి వచ్చిందంటే అది ఆ చోటును ఒప్పుకున్నట్టు. అప్పుడు తలుపు తీయొచ్చు. ఒంటరి పిల్లి బెంగపడుతుందని జంటగా ఇవ్వడం కూడా మొదలుపెట్టాం. సావుకారి మంచివాడు, పచ్చ గండుపిల్లిని తోడుతో సహా మళ్లీ తీసుకున్నాడు. ఈసారి అటక సందులన్నీ మూయించాడు. గానుగ దగ్గర కూడా ఒక జంటను పెట్టాం. ఆ గానుగాయన భారీ మనిషి, గట్టిగా మాట్లాడితే ఎద్దు కూడా ఆగిపోయేది. ఆయన గొంతుక్కూర్చుని చిన్న గిన్నె మీద టంగుటంగున కొడుతూ పిల్లిని బతిమాలుకుంటుంటే వీధిలో ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని చూసేవాళ్లు. నేత పనివాళ్లింట్లో మగ్గం కింద ఒక జంట కుదిరింది. పడుగు దారాలు ఎలుకలు కొరకడం తగ్గిందని వాళ్లావిడ నాకు ఒక తువ్వాలు ఇచ్చింది.

పాపన్నపేట రైతు ఒకాయన ఒడ్ల గది కోసం జంటను పట్టుకుపోయాడు. కొన్నాళ్లకు చూద్దామని వెళ్తే, రెండు పిల్లులూ బస్తాల మీద కాళ్లు చాపుకుని పడుకున్నాయి, కింద ఎలుకలు తిరుగుతున్నాయి. ఏమైందంటే, ఆ ఇంటి ఆడవాళ్లు పాపం బక్కగా ఉన్నాయని మూడు పూటలా పెరుగన్నం కలిపి పెడుతున్నారు. పని చేసేదానికి కూలి ఇవ్వాలి గాని పెళ్లి భోజనం పెడితే ఎట్లా అని నేను కోప్పడ్డాను. వాళ్లు నవ్వుకుని, సాయంత్రం ఒక్క పిడికెడే పెడతామన్నారు. నేను బస్సెక్కేటప్పుడు మాత్రం నా సంచిలో సొరకాయ వేశారు. నాకేమో పెళ్లి భోజనమే పెట్టారు.

అట్లా కొట్టం ఖాళీ అవుతూ వచ్చింది. చివరికి ఒక్కటే మిగిలింది.

బూడిదరంగు ఒంటి మీద నల్లటి చారలు, ఎడమ చెవి సగమే ఉండేది. ముసలిది. కొట్టంలో పుట్టిన పిల్లులన్నీ దాని సంతానమేనని వంటావిడ చెప్పేది. అది గంపలోకి వచ్చేది కాదు. బయట కూర్చుని కాలు లోపలికి చాపి పరకను గోటితో లాక్కుని తినేది, తింటూ నా వైపే చూసేది. నాకు దాని మీద ఎంత కోపమో అంత గౌరవం. పైగా చూలుతో ఉంది. పొట్ట అప్పుడే కిందికి జారుతోంది.

పెంకులు దించే కూలీలు వచ్చి నిచ్చెన వేసిన రోజున అది దొరికింది. హాస్టల్ వెనక అడుగంటిన పాలపొడి డ్రమ్ములోకి నాకడానికి దిగింది. అత్తమ్మ చూసి, మూత వేసి, మూత మీద కూర్చుని, ఊరంతా వినబడేట్టు నన్ను పిలిచింది. నేను వచ్చేసరికి డ్రమ్ము లోపల పిల్లి, పైన అత్తమ్మ, ఇద్దరూ ఒకే తీరుగా అరుస్తున్నారు.

పట్టామే గాని పెట్టడానికి చోటు లేదు. కావలసిన వాళ్లందరూ అప్పటికే తీసుకున్నారు. చూలు పిల్లి అనేసరికి మిగతావాళ్లు చేతులు జోడించారు. ఊరి చివర ఒక పటేల్ రైస్ మిల్లు ఉండేది. భూములున్న కుటుంబం, కొత్తగా వ్యాపారంలోకి దిగారు. మిల్లు చప్పుడుకు పిల్లి నిలుస్తుందా అని ముందు వద్దన్న మనిషి, ఎలుకలు కొత్త గోనెలన్నీ కొరికేశాక మనసు మార్చుకున్నాడు. తవుడు గదిలో పెట్టమన్నాడు. నేను అక్కడే కన్నీళ్లు పెట్టుకుంటానేమోనని భయపడి గబగబా దణ్ణం పెట్టి వచ్చేశాను.

మిల్లూ ఇల్లూ ఒకే ప్రహరీలో ఉండేవి. మధ్యలో వాకిలి. అప్పటికి ఎండాకాలం సెలవులే కాబట్టి నేను రెండు పూటలా వెళ్లి తవుడు గది దగ్గర గిన్నె కొట్టేదాన్ని. అది తినేదాకా ఇంటి ముందర అరుగు మీద కూర్చునేదాన్ని. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, నేనూ ఎదురుచూడలేదు. చదువు చెప్పే టీచరైనా, మెడలో సిలువ ఉన్నా, మా తాతలు ఏ వాడ నుంచి వచ్చారో ఊరు మరిచిపోలేదు. ఎవరింట్లో ఎక్కడిదాకా నడవాలో మా కాళ్లకు చిన్నప్పటి నుంచే తెలుసు. నాకు తెలుసు కాబట్టే మంట కూడా ఉండేది. అరుగు మీద వీపు నిటారుగా పెట్టి కూర్చునేదాన్ని.

లోపల తలుపు పక్కనే పటేల్ తల్లి మంచం. చూపు సరిగ్గా ఆనదు, చెవులు మాత్రం పాము చెవులు. నా చెప్పుల చప్పుడు వినగానే లోపలి నుంచే మాట కలిపేది. పిల్లి తిన్నదా, ఎంత తిన్నది, ఎన్నో కాన్పు, ఇవే ప్రశ్నలు. నేను బయటి నుంచి జవాబు చెప్పేదాన్ని. ఆమె మొహం నేను సరిగ్గా చూసిందే లేదు.

ముసలి పిల్లి పనిమంతురాలు. తలుపు తీసిన కొన్నాళ్లకే తవుడు గదిలో అలికిడి ఆగిపోయింది. పటేల్ సంతోషించాడు. ఆ సంతోషం ఆయనకు సంగారెడ్డిలో లైసెన్సు పని పడేదాకా ఉంది.

ఆ పొద్దున ఆయన ఇస్త్రీ బట్టలు వేసుకుని వాకిట్లోకి దిగాడు. మిల్లు నుంచి పశువుల కొట్టం వైపు పోతూ పిల్లి ఎదురు నడిచింది. వెనక్కి వెళ్లి కాళ్లు కడుక్కుని, కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ దిగాడు. పిల్లి అటు నుంచి ఇటు వస్తోంది. నోట్లో ఎలుక కూడా ఉందట. మళ్లీ వెనక్కి. బస్సు వెళ్లిపోయింది. మరుసటి రోజూ ఇదే తంతు. దాని తోవ ఆ వాకిలే. మిల్లుకూ పశువుల కొట్టానికీ మధ్య తిరగకపోతే అది ఎలుకల్ని ఎట్లా పడుతుంది? పిల్లిని పనిలో పెట్టుకోమని ఊరంతా తిరిగి చెప్పినదాన్ని, శకునం సంగతి నాకు తట్టనే లేదు. సావుకారి గల్లా వదిలి కదిలే మనిషి కాదు. గానుగాయనకు ఎద్దు వెనక తిరగడమే ప్రయాణం. పనుల మీద ఊళ్లు తిరిగే మనిషి ఇంట్లో పిల్లిని పెట్టడం ఇదే మొదటిసారి.

పటేల్ కబురు పెట్టాడు. వెళ్లాను. ఎలుకలు తగ్గలేదా అని అడిగాను.

"తగ్గినయి. నేను కాదంటలేను," అన్నాడు. "గని టీచరమ్మా, నేను ఇల్లు కదలాల్నా వద్దా? రేపు తీస్కపో. లేకుంటె సంచిల గట్టి మంజీర అవతల ఇడ్సిపెట్టిస్త."

ఆయన కోపంగా అనలేదు. అదే నాకు భయమేసింది. కోపంగా అని ఉంటే నేనూ నాలుగు అని ఉందును. తీసుకెళ్తే ఎక్కడికి తీసుకెళ్లాలి? బండ్ల కొట్టం పైకప్పు దిగిపోయింది. మందు మాట నేను ఒప్పుకున్నదే. కాంపౌండ్‌లోకి దాన్ని మళ్లీ తెస్తే పెద్దమనుషులు నా మొహం మీదే చేప తల పెట్టి చూపిస్తారు. ఏటి అవతల వదిలితే నిండు చూలుది కుక్కల పాలవుతుంది. ఇన్ని పిల్లుల్నీ కొలువుల్లో పెట్టి, వాటన్నిటి తల్లికి మాత్రం చోటు చూపలేకపోయాను.

మరునాడు పొద్దున్నే గంప, పరకలు, గిన్నె పట్టుకుని వెళ్లాను. ఇంట్లో గంప కిందే దాచి ఎవరికీ తెలియకుండా పెంచుదామని అత్తమ్మ సలహా. పిచ్చి సలహా అని ఇద్దరికీ తెలుసు. మిల్లంతా తిరిగి గిన్నె కొట్టాను. తవుడు గది, బస్తాల వెనక, పశువుల కొట్టం, గడ్డివాము. పిల్లి రాలేదు. నా చప్పుడుకు ఎక్కడున్నా వచ్చే పిల్లి. పటేల్ మాత్రం, దానంతటదే పోయినట్టుంది, నీకూ నాకూ పీడ పోయింది అన్నాడు. లోపలి నుంచి ముసలమ్మ ఆ రోజు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆమె కూడా శకునం పక్షమే కాబోలు అనుకున్నాను.

పిల్లి పాత చోటికే వచ్చి ఉంటుందని కొట్టం శిథిలాల్లో వెతికాం. బయటి పిల్లులు రాకుండా అక్కడ మందు పెట్టారని వంటావిడ చెప్పింది. అత్తమ్మ కర్రతో పెంకులు తిరగేస్తూ పేరు లేని ఆ పిల్లిని ఏమని పిలవాలో తెలియక, ఓ చెవిదానా, ఓ చెవిదానా అని పిలిచింది. చివరికి ఆ పెంకుల కుప్ప మీదే కూలబడి ఏడ్చింది. నేను ఆమెను లేపబోయి నేనూ ఏడ్చాను. రోజూ మిల్లుకు వెళ్లి గిన్నె కొట్టి రావడం మాత్రం మానలేదు. బడి తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. మొదటి వాన పడింది.

ఆ వాన తెల్లారి పటేల్ జీతగాడు మా ఇంటికి వచ్చి, మా ముసలి పెద్దమ్మ రమ్మంటోంది, పటేల్ గంప కూడా తెమ్మన్నాడు అని చెప్పాడు. పిల్లి దొరికిందన్నమాట. ప్రాణం లేచి వచ్చింది, వెంటనే మళ్లీ కూలబడింది. దొరికితే ఏం లాభం, చోటేది?

నేను వెళ్లేసరికి పటేల్ మళ్లీ ఇస్త్రీ బట్టల్లో ఉన్నాడు. ఇంటి తలుపు దగ్గర నిలబడి లోపల ఉన్న తల్లితో వాదిస్తున్నాడు. నేను అరుగు పక్కన గంప పట్టుకుని ఆగాను. వాళ్ల మాటల్లోంచి నాకు సంగతి తెలిసింది. పిల్లి ఎక్కడికీ పోలేదు. ముసలమ్మ మంచం కింద, విత్తనాల తట్టలో, ఆమె పాత బొంత మీద ఈనింది. నేను మిల్లంతా వెతికిన రోజే ఆమె కనిపెట్టి, తన గిన్నెలో పాలు పోస్తూ, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కళ్లు తెరిచిన కూనలు ఈ పొద్దున మంచం కింద నుంచి పటేల్ పాదాల మీదికి పాకుతూ వచ్చాయి.

"బాలింతను లొల్లి జేస్తరని చెప్పలే," అంది ముసలమ్మ లోపలి నుంచి. "ఇప్పుడు చెప్తున్న ఇను. మనింట్ల పురుడు వోసుకున్నది మనింటి ఆడిబిడ్డ. ఆడిబిడ్డ ఎదురొస్తె నువ్వు ఎన్నడన్న ఎనుకకు మర్రినవా?"

పటేల్‌కు ఇద్దరు చెల్లెళ్లు. మంచి పనికి పోయేటప్పుడు వాళ్లను పిలిచి మరీ ఎదురు రమ్మనేవాడని ఊరికి తెలుసు. తల గోక్కున్నాడు. గొడుగు తీసుకుని వాకిట్లోకి దిగాడు. సరిగ్గా అప్పుడే ముసలి పిల్లి ఆయన వెనకాలే తలుపులోంచి బయటికి వచ్చి, ఆయన కాళ్ల ముందు నుంచి మిల్లు వైపు నడిచింది. పొట్ట లోపలికి పోయి సన్నగా ఉంది. పటేల్ ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలిచిపోయాడు. జీతగాడు, హమాలీలు, నేను, అందరం ఊపిరి బిగబట్టాం. ఆయన ఒకసారి తలుపు వైపు చూశాడు. తర్వాత కాలు ముందుకే వేసి, బస్సు తోవ పట్టి వెళ్లిపోయాడు. ఆయన పని అయిందో లేదో నేను ఎప్పుడూ అడగలేదు.

నేను గంప దించి అరుగు మీద కూర్చోబోయాను.

"టీచరమ్మ వచ్చిందా?" అంది ముసలమ్మ. వచ్చానన్నాను. "బాలింతను సూడనీకొచ్చినోళ్లు అరుగు మీద కూసుంటరా? మాకన్న ముందుగాల దానికి తల్లిగారోళ్లు నువ్వే గద. లోపటికి రా బిడ్డా."

నేను కదల్లేదు. నాకు సంతోషం కన్నా ముందు కోపమే వచ్చింది. ఇన్ని రోజులు ఎండలో ఈ అరుగు మీద కూర్చున్నాను, నన్ను పిలవడానికి ఒక పిల్లి పురుడు పోసుకోవాల్సి వచ్చిందా అనిపించింది. తిరిగి వెళ్లిపోదామని కూడా అనిపించింది. ఆమె మళ్లీ పిలిచింది, ఈసారి కొంచెం మెల్లగా, అడిగినట్టుగా. చెప్పులు విడిచి గడప దాటాను. లోపల చల్లగా, కొత్త ఒడ్ల వాసనగా ఉంది. ముసలమ్మ మంచం మీద కాస్త జరిగి నాకు చోటిచ్చింది. చూపు ఆనదు కాబట్టి నా మొహం తడిమి చూసింది. ఉత్త చేతులతోనే వచ్చావా అని ఎగతాళి చేసింది. నేను వంగి మంచం కింద చూశాను. కూనలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అందులో ఒకటి అచ్చం తల్లే, చారలతో సహా. ఈలోగా తల్లి లోపలికి వచ్చి నన్ను చూసి, ఇన్నాళ్లు తిండి పెట్టానన్న విశ్వాసమైనా లేకుండా గుర్రుమంది. ముసలమ్మా నేనూ ఒక్కసారే నవ్వాం. నవ్వుతూనే నేను ఏడ్చాను, ఆమెకు కనబడలేదు. లేకపోతే తెలిసీ ఊరుకుందేమో.

ఖాళీ గంపతో ఇంటికి వచ్చాను. అత్తమ్మ వాకిట్లోనే ఎదురుచూస్తోంది. పిల్లి బతికే ఉందని, ఇక అక్కడే ఉంటుందని చెప్పాను. ఆడబిడ్డ మాట, పటేల్ ఎత్తిన కాలు, మంచం కింద కూనలు, అన్నీ చెప్పాను. కూనలు ఎన్ని, ఏ రంగు అని అడుగుతుందనుకున్నాను.

"లోపటికి పోయినవా?" అంది.

"పోయిన."

"నీళ్లిచ్చిన్రా?"

"ఇచ్చిన్రు."

"దేంట్ల?"

"ఆమె తాగే చెంబులనే."

అత్తమ్మ గంప నా చేతిలోంచి తీసుకుని గోడకు ఆనించింది. ఇంట్లోకి వెళ్లి పెట్టె మూత ఎత్తి, క్రిస్మస్‌కు తప్ప కట్టని తెల్ల చీర తీసి మంచం మీద పెట్టింది.

"రేపు నన్ను గూడ తోల్కపో," అంది. "తల్లిగారోళ్లం ఉత్త చేతులతోని పోవద్దు. బాలింతకు కొబ్బరి కుడుకలు, బెల్లం కొనుక్కపోదాం."